వదిలేయడం వేరు, త్యాగం వేరు: మా ఇంటి పాత కంప్యూటర్ చెప్పిన పాఠం

 

ఈ వారం వీడియోలో గీత 18వ అధ్యాయం మొదలుపెట్టాం. అర్జునుడి మొదటి ప్రశ్న గుర్తుంది కదా? సన్న్యాసం అంటే ఏమిటి, త్యాగం అంటే ఏమిటి, రెండిటినీ విడివిడిగా చెప్పమని అడుగుతాడు. పదిహేడు అధ్యాయాలు విన్నాక కూడా ఈ ప్రశ్న అడిగాడంటే, ఇది పైకి కనిపించేంత సులువైనది కాదన్నమాట.

వీడియోలో ఒక ఉదాహరణ చెబుదామనుకుని చెప్పలేదు. టైమ్ సరిపోలేదని మా ఎడిటర్‌తో అన్నాను కానీ, నిజానికి సరిపోనిది ధైర్యం. కెమెరా ముందు చెప్పలేని కొన్ని విషయాలు రాయడం కొంచెం సులువు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఏడు నిమిషాల సుప్రభాతం

మా ఊరు తెనాలి. ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. నేను ఇంజనీరింగ్‌లో చేరిన ఏడాది నాన్న కొనిపెట్టారు. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. అప్పట్లో మా వీధిలో అదే గొప్ప. చదువు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, ఆఫీసు వాళ్ళు లాప్‌టాప్ ఇచ్చారు. నేను హైదరాబాద్ వచ్చేశాను. కంప్యూటర్ అక్కడే ఉండిపోయింది. "నాన్నా, ఇది మీరు వాడుకోండి" అన్నాను, ఏదో పెద్ద దానం చేసినట్టు.

నాన్న వాడుకున్నారు. పొద్దున్నే సుప్రభాతం, ఆ తర్వాత పంచాంగం, సాయంత్రం మా వీధి రామాలయం లెక్కలు. రిటైరయ్యాక గుడి అన్నదానం పుస్తకం ఆయన చేతికొచ్చింది. ఆ లెక్కంతా ఎక్సెల్‌లో పెట్టడం నేనే నేర్పాను.

రెండు మూడేళ్ళుగా ఆయన ఫోన్ చేసినప్పుడల్లా ఒక మాట వచ్చేది. "ఒరేయ్, కంప్యూటర్ ఆన్ అవడానికి చాలాసేపు పడుతోందిరా. ఆపేటప్పుడు కూడా ఏదో ఎర్రర్ అంటోంది. ఆగట్లేదు." నేను ఏదో మీటింగ్‌లోనో, మీటింగ్‌కీ మీటింగ్‌కీ మధ్యనో ఉండేవాణ్ణి. "పాతది కదా నాన్నా, అంతే. ఆగకపోతే పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకోండి, అదే ఆగిపోతుంది" అనేవాణ్ణి. ఆయన "సరే నాన్నా" అనేవారు.

నా ఉద్యోగం ఏంటో తెలుసా? సర్వర్లు నెమ్మదిగా నడుస్తుంటే ఎందుకో కనిపెట్టడం. ఎక్కడో ముక్కూమొహం తెలియని వాళ్ళ సైట్ రెండు సెకన్లు ఆలస్యమైతే, రాత్రి రెండింటికి లేచి కూర్చుంటాను.

ఈ సంక్రాంతికి వెళ్ళినప్పుడు, భోగి మర్నాడు, ఊరికే కూర్చోలేక ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. బటన్ నొక్కి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. పాట మొదలవడానికి పట్టిన సమయం 6 నిమిషాల 50 సెకన్లు.

ఆ లిస్టులో ఉన్నవన్నీ నావే

నెమ్మదిగా లేచే కంప్యూటర్‌లో ముందు చూడాల్సింది టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ అనే ట్యాబ్. కంప్యూటర్ లేవగానే, ఎవరూ పిలవకపోయినా తమంతట తాము లేచే ప్రోగ్రాములన్నీ అక్కడ కనిపిస్తాయి. ఏది ఎంత బరువో కూడా పక్కనే రాసి ఉంటుంది.

మొత్తం 14 ఉన్నాయి. సినిమాలు డౌన్‌లోడ్ చేసుకోవడానికి సెకండ్ ఇయర్‌లో వేసుకున్నది ఒకటి. గేమ్స్ కోసం ఇంకొకటి. బస్సులో పోగొట్టుకున్న ఫోన్‌ను కంప్యూటర్‌కి కలపడానికి వేసినది మరొకటి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం పెట్టిన డేటాబేస్ సర్వర్ కూడా ఉంది. ఎప్పుడో అమ్మేసిన ప్రింటర్‌కి కాపలా కాసే ప్రోగ్రామ్ ఒకటి. రెండు యాంటీవైరస్‌లు ఒకదాన్నొకటి అనుమానంగా చూసుకుంటూ కూర్చున్నాయి.

మౌస్ కిందికి జరుపుతుంటే నా చెయ్యి ఆగిపోయింది. ఆ లిస్టులో నాన్నవి ఏమీ లేవు. పాట వినడానికి, లెక్క రాయడానికి ఆయనకి ఆ 14లో ఒక్కటీ అక్కర్లేదు. అన్నీ నావే. నేను వదిలేసి వెళ్ళినవే. నా దృష్టిలో అవన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఆయన మాత్రం ప్రతి రోజూ పొద్దున్నే, నా కాలేజీ రోజులన్నీ ఒక్కొక్కటిగా నిద్ర లేచేదాకా, దేవుడి పాట కోసం ఎదురుచూస్తున్నారు.

మనం "అదంతా వదిలేశాను" అని ఎంత తేలిగ్గా అంటాం! నాకు కనిపించడం మానేసింది కాబట్టి అది లేదనుకుంటాం. కానీ అది ఇంకొకరి పొద్దుటిని మోసుకుంటూ నడుస్తూనే ఉంటుంది.

రాత్రి 8:40

తర్వాత షట్‌డౌన్ సంగతి. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఒకటుంది. కంప్యూటర్‌కి చిత్రగుప్తుడి పుస్తకం లాంటిది. ఎప్పుడు లేచింది, ఎప్పుడు ఆగింది, ఎక్కడ తడబడింది, అన్నీ తేదీ, టైమ్‌తో సహా రాసి పెట్టుకుంటుంది. అందులో 6008 అనే నంబరుతో వచ్చే ఎంట్రీకి అర్థం, కిందటిసారి ఈ మెషీన్ పద్ధతిగా ఆగలేదు, అకస్మాత్తుగా ఆగిపోయింది అని. ఏ టైమ్‌కి ఆగిందో కూడా రాసి ఉంటుంది.

వరసగా ఉన్నాయి 6008లు. రాత్రి 8:40, 8:45, 8:38. గుడి లెక్క రాసుకుని, భోజనానికి లేచే వేళ. ప్రతి ఎంట్రీ నా సలహా. "గట్టిగా నొక్కి పట్టుకోండి నాన్నా."

మామూలుగా షట్‌డౌన్ అంటే ఏం జరుగుతుందంటే, విండోస్ నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కీ "ఆపేస్తున్నాం, చేతిలో ఉన్న పని భద్రం చేసుకో" అని కబురు పెడుతుంది. కొంత గడువు ఇస్తుంది. అవి తమ పని డిస్క్ మీద రాసేసి సెలవు తీసుకుంటాయి. ఏదైనా కదలకపోతే "ఈ ప్రోగ్రామ్ షట్‌డౌన్‌ని ఆపుతోంది" అని పేరుతో సహా తెర మీద చూపిస్తుంది. మా ఇంట్లో ఆ పేరు ప్రింటర్ కాపలాదారుది. లేని ప్రింటర్ కోసం వెతికి వెతికి, మెమరీ ఎర్రర్ ఒకటి చూపించి, అక్కడే బిగుసుకుపోయేది.

పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే ఈ కబుర్లు, గడువులు ఏమీ ఉండవు. కరెంటు పోయినట్టే. ఆ క్షణంలో డిస్క్ మీద రాత సగంలో ఉంటే సగంలోనే ఆగిపోతుంది.

అమ్మ చెప్పిన మాట

"నాన్నా, గుడి లెక్కల ఫైలు ఎక్కడుంది? ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీసేస్తాను" అన్నాను. డిస్క్ ఆరోగ్యం కూడా బాగా లేదు. చదవలేకపోతున్న సెక్టార్లు కొన్ని కనిపించాయి. ఇలాంటప్పుడు రిపేరు చేసే ముందు డేటా బయటికి తీసుకోవాలి. ఇది మీరూ గుర్తుపెట్టుకోండి.

ఆయన ఏమీ మాట్లాడకుండా బీరువా పైనుంచి ఒక పొడుగు పుస్తకం తీసి ఇచ్చారు. "ఇందులో ఉంది లేరా. ఆ ఫైలు తెరుచుకోవడం మానేసింది. మళ్ళీ రాసుకున్నా." అట్ట వేసిన పుస్తకం. నీలం సిరాతో గుండ్రటి అక్షరాలు. పేరు, గోత్రం, తిథి, ఎవరి జ్ఞాపకార్థం, ఎంత కట్టారు.

నేను వంటింట్లోకి వెళ్ళి అమ్మని అడిగాను. అప్పుడు చెప్పింది. ఫైలు పోయింది కార్తీకమాసంలో. నాన్న పాత రసీదులు ముందేసుకుని, గుర్తున్నవి గుర్తున్నట్టు రాసుకుంటూ ఆ పుస్తకం తయారుచేశారు. ఒక రసీదు దొరకలేదు. వెనక వీధిలో ఒక పెద్దావిడ, భర్త తిథి నాడు ఏటా గుడిలో అన్నదానం జరగాలని శాశ్వత నిధి కట్టారు. ఆ ఏడు ఆ తిథికి ఆయన పేరు చదవలేదు. ఆవిడ మధ్యాహ్నం దాకా గుడి మెట్ల మీద కూర్చుని, ఇంటికి వెళ్ళిపోయారట.

మర్నాడు నాన్న ఆవిడ ఇంటికి వెళ్ళి, పొరపాటు నాదే అని చెప్పి, తర్వాతి ఏకాదశి మర్నాడు, ద్వాదశి నాడు, సొంత డబ్బుతో అన్నదానం చేయించారు. "నీకెందుకు చెప్పలేదమ్మా?" అంటే, "చెబితే నువ్వు ఏమంటావో ఆయనకి తెలుసులే. పాతది కదా నాన్నా, అంతే అంటావు" అంది అమ్మ, పోపు వేస్తూ. కోపంగా కూడా అనలేదు.

ఆ ఫైలు కచ్చితంగా ఆ బటన్ వల్లే పోయిందా, డిస్క్ ముసలిదై పోయిందా? ఇంజనీరుగా అడిగితే రెండూ సాధ్యమే. కొడుకుగా అడిగితే ఆ ప్రశ్న వేసుకోవడమే తప్పించుకోవడం. ఏ కారణమైనా, అరగంట కూర్చుని ఉంటే నేను ముందే చూసేవాణ్ణి.

గీత ఏం చెబుతోంది

18వ అధ్యాయంలో కృష్ణుడు త్యాగాన్ని మూడుగా విడదీస్తాడు. చెయ్యాల్సిన పనిని మోహం వల్ల, అంటే తెలివిలేక, వదిలేస్తే అది తామసం. కష్టంగా ఉందని, ఒళ్ళు నొస్తుందని వదిలేస్తే రాజసం. దానికి త్యాగఫలం కూడా రాదంటాడు. చెయ్యాల్సిన పని చేస్తూనే, దాని మీద పట్టునీ, ఫలం మీద ఆశనీ విడిచిపెడితే అది సాత్త్వికం.

ఇప్పుడు నా లెక్క చూసుకుంటే, నేను వదిలేసిన వాటిలో మూడోది ఒక్కటీ లేదు. ఆ 14 ప్రోగ్రాములూ అలా ఉన్నాయని కూడా తెలియకుండా వదిలేశాను. అది మొదటి రకం. నాన్న ఫోన్లని విసుగ్గా ఉందని దాటేశాను. అది రెండో రకం. ఇంత చేసి, ఆదివారం ఇదే చానల్‌లో కూర్చుని వైరాగ్యం గురించి మాట్లాడాను.

మన వయసు వాళ్ళకి వైరాగ్యం అనే మాట చాలా నచ్చుతుంది. కారణం నిజాయితీగా చెప్పుకుందాం. అది పవర్ బటన్ లాగా కనిపిస్తుంది. ఒక్కసారి నొక్కి పట్టుకుంటే చాలు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. మెసేజ్‌కి రిప్లై ఇవ్వం, "డిటాచ్ అయ్యాను" అంటాం. స్నేహితుడికి ఇస్తానన్న డబ్బు ఇవ్వం, "డబ్బు మీద వ్యామోహం లేదు" అంటాం. గీత చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. కృష్ణుడు అర్జునుణ్ణి రథం దిగి వెళ్ళిపోనివ్వలేదు. పని పూర్తి చెయ్యి, పట్టు వదులు అన్నాడు. మనం పట్టు ఉంచుకుని పని వదిలేస్తున్నాం.

ఆపినా ఆగనిది

ఇంకో చిన్న సంగతి. ప్రింటర్ ప్రోగ్రామ్‌ని తీసేసి, ఆ రాత్రి నేనే పద్ధతిగా షట్‌డౌన్ చేశాను. పొద్దున ఆన్ చేస్తే అదే ఎర్రర్ మళ్ళీ వచ్చింది! ఒక్క నిమిషం బుర్ర తిరిగింది. తర్వాత గుర్తొచ్చింది, ఫాస్ట్ స్టార్టప్.

విండోస్ 8 నుంచి ఈ ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ నొక్కితే మనం తెరిచినవి మూసేస్తుంది కానీ, లోపలి మూలభాగాన్ని, డ్రైవర్లతో సహా, ఉన్నదున్నట్టు ఒక ఫైల్‌లో దాచిపెట్టి పడుకుంటుంది. మర్నాడు దాన్నే తిరిగి తెచ్చుకుంటుంది. త్వరగా లేవడం కోసం. అందుకే కొన్ని తీసివేతలు రీస్టార్ట్ చేస్తేనే పూర్తవుతాయి. వింతగా ఉంటుంది కానీ, విండోస్‌లో షట్‌డౌన్ కంటే రీస్టార్టే అసలైన ఆగడం.

మన పెద్దలు నిద్ర గురించి చెప్పేది కూడా ఇలాంటిదే. గాఢనిద్రలో కోపం లేదు, కోరిక లేదు, అంతా శాంతం. అయినా లేవగానే నిన్నటి మనిషే లేస్తాడు. వాసనలు బీజంగా లోపలే ఉన్నాయి కాబట్టి. ఒక టూర్‌కి వెళ్ళి ఫోన్ ఆపేసి నాలుగు రోజులు ప్రశాంతంగా ఉన్నామంటే, అన్నీ వదిలినట్టు కాదు. దాచిపెట్టి పడుకున్నామంతే. వేయించిన గింజ మొలకెత్తదు అంటారు. గింజని డబ్బాలో పెట్టి మూత పెడితే వేయించినట్టు కాదు.

మరి బలవంతంగా తెంచుకోవాల్సినవి లేవా?

ఉన్నాయి. ఇది కూడా చెప్పాలి, లేకపోతే నేను చెప్పింది అన్యాయం అవుతుంది. గడువు ఇచ్చినా కదలని ప్రోగ్రామ్‌ని బలవంతంగా ఆపే దారి విండోస్‌లో కూడా ఉంది. ఎప్పటికీ ఎదురుచూడక్కర్లేదు. రోజూ రాత్రి రెండింటిదాకా లాగే ఒక యాప్, మనిషిని చిన్నబుచ్చే ఒక బంధం, మానలేని ఒక అలవాటు, వీటికి "పద్ధతిగా ముగిద్దాం" అంటూ కూర్చుంటే ఎప్పటికీ ముగియవు. తెంచుకోవడమే ధర్మం.

తేడా ఎలా తెలుస్తుంది? నేను ఇప్పుడు ఒక్క ప్రశ్న వేసుకుంటున్నాను. నేను ఇది ఉన్నపళంగా ఆపేస్తే, సగంలో పోయే పని ఎవరిది? పోయేది నా సరదా, నా అలవాటు అయితే బటన్ నొక్కేయొచ్చు. పోయేది ఇంకొకరి నమ్మకం అయితే ముందు కబురు చెప్పాలి, గడువు ఇవ్వాలి, అప్పగించాలి. అప్పుడు వెళ్ళాలి.

భాగవతం ఐదో స్కంధంలో భరతుడి కథ మీకు తెలుసు. రాజ్యం కొడుకులకి పద్ధతిగా పంచి ఇచ్చి అడవికి వెళ్ళాడు. అంత బాగా ముగించినవాడు, గండకీ నది ఒడ్డున తల్లి చనిపోయిన లేడిపిల్లని కాపాడి, దాని ధ్యాసలోనే ప్రాణం విడిచి లేడిగా పుట్టాడు. చిన్నప్పుడు ఈ కథ విని, జాలిపడటం తప్పా అనుకునేవాణ్ణి. కాదు. లేడిపిల్లని నీళ్ళలోంచి తీయడం ధర్మమే. దాన్ని అడవికి అప్పగించలేకపోవడమే చిక్కు. పాతవన్నీ ముగించినా, కొత్తది ఒకటి చప్పుడు చేయకుండా స్టార్టప్‌లో చేరిపోతుంది. కాబట్టి ఈ లిస్టు ఒకసారి చూసి మరిచిపోయేది కాదు.

ఇంకో మాట. మనుషుల్ని ప్రోగ్రాములతో పోల్చడం ఇక్కడితో ఆపాలి. నాన్న నా జీవితంలో బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే ప్రాసెస్ కాదు, పూర్తి చేసి మూసేయడానికి. పితృఋణం అంటే తీర్చి రసీదు తీసుకునేది కాదని ఆ పొడుగు పుస్తకం చూశాక అర్థమైంది. రోజూ కొంచెం కొంచెం గుర్తుపెట్టుకోవడమే దాన్ని తీర్చడం.

తర్వాత

పాత హార్డ్ డిస్క్ తీసి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేశాను. మదర్‌బోర్డు మీద బటన్ సెల్ మార్చాను. 14 ప్రోగ్రాముల్లో 13 తీసేసి, ఒక యాంటీవైరస్ మాత్రం ఉంచాను. ఇప్పుడు 40 సెకన్లలో లేస్తోంది. ఆపితే కిక్కురుమనకుండా ఆగుతోంది.

మొదటి రోజు పొద్దున నాన్న బటన్ నొక్కి, ఎప్పటిలాగే దేవుడి గదిలోకి వెళ్ళారు. ఒత్తి తడపకముందే పాట మొదలైంది. "ఇదేంట్రా, నేనింకా దీపమే పెట్టలేదు!" అన్నారు కంగారుగా. ఆ ఏడు నిమిషాల్నీ ఆయన పూజకి సర్దుకోవడంగా మార్చేసుకున్నారు. ఎన్నాళ్ళుగానో ఒక్కసారి కూడా విసుక్కోలేదు. సాత్త్వికత్యాగం మీద నేను చెయ్యబోయే ఏ వీడియోలోనూ ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు.

కనుమ నాడు, ఆ మర్నాడు ఆయన పుస్తకం చదువుతుంటే నేను కొత్త ఫైల్‌లో ఎక్కించాను. పేరు, గోత్రం, తిథి. ఆ పెద్దావిడ భర్త పేరు వచ్చినప్పుడు నాన్న ఒక్క క్షణం ఆగి, మామూలుగానే చదివారు. ఫైలు ఇప్పుడు మూడు చోట్ల ఉంది. పుస్తకం కూడా ఉంది. సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళి, ఆ పొరపాటులో నా వాటా ఉందని చెప్పాను. "కంప్యూటర్ సంగతి నాకేం తెలుసు బాబూ, వచ్చే ఏడు చదివిస్తారుగా?" అన్నారు. చదివిస్తామని చెప్పాను. ఆ తిథి నా ఫోన్ క్యాలెండర్‌లో ఉంది.

ఈ వారం మీరు కూడా ఒక పది నిమిషాలు కూర్చోండి. మీరు వదిలేశాను అనుకున్నవి ఒక కాగితం మీద రాయండి. పక్కనే, అది ఇప్పుడు ఎవరి నెత్తిన నడుస్తోందో రాయండి. అందులో ఒక్కటి ఎంచుకుని, పద్ధతిగా ముగించండి. ఒక ఫోన్ కావచ్చు, ఒక బాకీ కావచ్చు, ఒక క్షమాపణ కావచ్చు. ముగించాక, నేను ముగించాను అన్న గర్వాన్ని కూడా స్వామి పాదాల దగ్గర పెట్టేయండి. అది ఉండిపోతే, రేపు పొద్దున మళ్ళీ అదే లేస్తుంది.

వచ్చే వారం ఇదే అధ్యాయంలో మూడు రకాల కర్త గురించి మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు.

శ్రీకృష్ణార్పణమస్తు.